మా ఇంట్లో ఇంకొకాయన ఉన్నారు

మా ఆయన ఉద్యోగం పాడైన కంప్యూటర్లు బాగుచెయ్యడం. అయితే పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక్క కంప్యూటర్‌నీ చేత్తో ముట్టుకోలేదు. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, కంపెనీవాళ్ళు రాసిచ్చిన స్క్రిప్టు చూసుకుంటూ, ఫోన్లో బాగుచేస్తారు. ప్లగ్గు సరిగ్గా ఉందా అని అడుగుతారు, ఆపి మళ్ళీ ఆన్ చెయ్యమంటారు, ఇప్పుడేం కనిపిస్తోంది అంటారు. రోజుకి అరవై మంది మొర వింటారు. అందులో సగం మంది ముందు ఆయన్ని తిట్టి, ఆ తర్వాత సంగతి చెబుతారు.

ఈ అనుభవంలోంచి ఆయన ఒక సత్యం పట్టుకొచ్చారు. కస్టమరు అబద్ధమాడతాడు. 'నేనేమీ చెయ్యలేదండీ, దానంతటదే ఆగిపోయింది' అన్న ప్రతివాడూ ఏదో ఒకటి చేసే ఉంటాడు, కొత్త సాఫ్ట్‌వేర్ ఏదో వేసే ఉంటాడు, ఒప్పుకోవడానికి మాత్రం సిగ్గు. భోజనాల దగ్గర ఈ ఉపన్యాసం నేను కనీసం నూరుసార్లు విని ఉంటాను. విని ఊఁ కొట్టడం నా వంతు.

నేను స్కూల్లో లెక్కలు చెబుతాను. నన్ను తీసుకున్నది లెక్కలకే గానీ ఎనిమిదేళ్ళుగా నేను ప్రాణం పెట్టి చేస్తున్న పని టైమ్‌టేబుల్. ఇరవై ఆరు సెక్షన్లు, నలభై ఒక్కమంది టీచర్లు, రెండు ల్యాబులు, ఒక ఆటస్థలం. సైన్సు టీచర్లిద్దరికీ మాటల్లేవు కాబట్టి ఇద్దరికీ ఒకే పీరియడ్ ఖాళీ పడకూడదు, పడితే స్టాఫ్‌రూమ్‌లో మిగతావాళ్ళకి ఊపిరాడదు. డ్రాయింగ్ మాస్టారికి భోజనం తర్వాత క్లాసు ఇస్తే పిల్లలకన్నా ముందు ఆయన కునుకు తీస్తారు. శుక్రవారం ఆఖరి పీరియడ్ ఎవరికీ వద్దు, ఎవరో ఒకరికి తప్పదు. సెలవులన్నీ ధారపోసి వీళ్ళందరినీ గళ్ళల్లో సర్దేది నేను, కింద సంతకం పెట్టేది వైస్ ప్రిన్సిపాల్‌గారు. 'నా టైమ్‌టేబుల్' అని ఆయన చదువుతుంటే ఎనిమిదేళ్ళూ అందరితోపాటు చప్పట్లు కొట్టాను.

ఆ పెద్దమనిషి ఈ ఏడు రిటైరయ్యారు. కుర్చీ ఖాళీ అయింది. ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను గదికి పిలిచి, సోమవారం పదింటికి స్టాఫ్ మీటింగు, టైమ్‌టేబుల్ నువ్వే తెచ్చి నువ్వే చదువు, ఆ తర్వాత కుర్చీ సంగతి చూద్దాం అన్నారు. నేను తేలేకపోతే కెమిస్ట్రీ మాస్టారు తను చేసినది చదువుతారట. ఆయనగారు చేసినది నేను చూశాను. అందులో మంగళవారం మూడో పీరియడ్‌లో ఒకే టీచరు రెండు గదుల్లో ఉన్నారు.

నా టైమ్‌టేబుల్‌కి రెండో కాపీ లేదు. కావాలనే ఉంచలేదు. రెండేళ్ళ కిందట పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని స్కూలుకి తీసుకెళ్ళాను. డ్రాయింగ్ మాస్టారు ఏదో బొమ్మ ఎక్కించుకుంటానని అడిగి తీసుకున్నారు, మధ్యాహ్నానికల్లా శుక్రవారం ఆఖరి పీరియడ్ ఎవరిదో స్కూలంతా తెలిసిపోయింది. పదిహేడుమంది నా కాళ్ళావేళ్ళా పడ్డారు, ఇద్దరు ఏడ్చారు. అప్పటినుంచి టైమ్‌టేబుల్ మా ఇంటి కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆదివారం ఉదయం ప్రింటు తీసుకుందామని కూర్చుని కంప్యూటర్ ఆన్ చేశాను. మామూలుగానే తెరుచుకుంది. ఫైలు మీదికి బాణం పోనిచ్చేలోగా తెరంతా నీలంగా మారి, తెల్లటి అక్షరాల్లో ఏదో క్షమాపణ కనిపించి, ఆగిపోయింది. దానంతటదే మళ్ళీ మొదలైంది, మళ్ళీ నీలమైంది. నాలుగోసారి కూడా అంతే.

మా ఆయన్ని పిలిచాను. వచ్చీ రాగానే నువ్వేం చేశావు అన్నారు. ఆన్ చేశానంతే, ఇంకేమీ చెయ్యలేదన్నాను. ఆయన నావైపు ఒక చూపు చూశారు. ఆ చూపు అర్థం నాకు తెలుసు, భోజనాల దగ్గర నేర్చుకున్నదే. నాకు ఒళ్ళు మండి, పోనీ మీరేమైనా కొత్తది వేశారా అని అడిగాను.

"నేనేమీ చెయ్యలేదు" అన్నారు. నిజానికి అక్కడే పట్టుకుని ఉండాల్సింది. కానీ నా బుర్ర నిండా నలభై ఒక్కమంది టీచర్లు ఉన్నారు, ఇంకెవరికీ చోటులేదు.

ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చి కంప్యూటర్ పక్క రేకు విప్పారు. లోపల ఫ్యాను మీద దుమ్ము ఉందన్నారు. ఊదారు. దుమ్ము ఆయన కళ్ళల్లో పడింది. కళ్ళు నలుపుకుంటూ ఒక స్క్రూ జారవిడిచారు, అది మంచం కిందికి దొర్లింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తున్న మా అత్తగారు, వీడు ఎనిమిదో ఏట రేడియో విప్పాడని, దాని ముక్కలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయని నాకు గుర్తుచేశారు. అత్తగారు కొడుకుని విమర్శిస్తున్నప్పుడు కోడలు మధ్యలో మాట్లాడి పాడుచెయ్యకూడదు.

ఒక సంగతి మాత్రం నాకు వింతగా తోచింది. ఆయన నన్ను గదిలోంచి పంపించాలని ఒకటే ప్రయత్నం. వెళ్ళి కాస్త పడుకో, కళ్ళు పీక్కుపోయాయి అన్నారు. కాసేపాగి, బజారుకెళ్ళి ప్రింటరుకి కాయితాలు పట్టుకురమ్మన్నారు. కాయితాలు కట్ట కట్టగా అల్మారాలో ఉన్నాయి. మూడోసారి, పక్కింటివాళ్ళు నిన్ను పిలిచినట్టున్నారు అన్నారు. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. నేను కదల్లేదు. నా ఎనిమిదేళ్ళ కష్టం ఆ డబ్బాలో ఉంది, దాన్ని ఆయనకీ ఆ స్క్రూడ్రైవర్‌కీ వదిలి ఎక్కడికి వెళతాను?

పదకొండున్నర అయ్యేసరికి విప్పినవన్నీ మళ్ళీ బిగించారు, ఆ ఒక్క స్క్రూ తప్ప. తెర మాత్రం నీలంగానే ఉంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కంప్యూటర్‌ని ఎదురుగా చూస్తుంటే తనకి ఏమీ తోచడం లేదన్నారు. కనబడకుండా ఉంటే తోచేదట. వెటకారం అనుకున్నాను. కాదు, నిజంగానే అంటున్నారు. పదకొండేళ్ళుగా ఆయన కళ్ళతో చూసి బాగుచేసింది ఒక్కటీ లేదు, విని బాగుచేసినవే అన్నీ.

"అయితే మీరు పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకోండి" అన్నాను. "నేను ఫోన్ చేస్తాను. ఆఫీసులో ఎలా చేస్తారో అలాగే చెయ్యండి. ఒక్క అక్షరం కూడా తగ్గించొద్దు."

ఆయన కాసేపు తటపటాయించారు. తర్వాత హెడ్‌సెట్ తీసుకుని వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను ఫోన్ చేశాను. మూడుసార్లు మోగనిచ్చి ఎత్తారు, అది కూడా పద్ధతేనేమో.

"నమస్కారం మేడమ్. నేను మీకు ఏ విధంగా సహాయపడగలను?"

పద్నాలుగేళ్ళ కాపురంలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మెత్తగా, నిదానంగా, ఎక్కడా తొందర లేకుండా ఉంది. గోడలోంచి ఒకసారి, ఒక్క క్షణం ఆలస్యంగా చెవిలో ఒకసారి, రెండుసార్లు వినిపించింది. కంప్యూటర్ సంగతి చెప్పాను. మీకు కలిగిన ఇబ్బందికి చాలా చింతిస్తున్నానండీ, మీ సమయం ఎంత విలువైనదో నాకు తెలుసు అన్నారు. ఒకసారి ఈ మనిషే రైల్వే స్టేషన్‌కి వస్తానని మరిచిపోయి, రెండు గంటలు వానలో నిలబెట్టి, తీరా నేను ఇల్లు చేరాక 'వచ్చేశావుగా' అని ఊరుకున్నారు. ఆయన మర్యాదంతా రోజూ ఆఫీసులోనే ఖర్చయిపోతోందని నాకు ఆ రోజు అర్థమైంది. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. సేవ ఏదో పూర్తిగా పొందుదామనిపించింది.

ఆయన అడగడం, నేను చెప్పడం, చకచకా సాగింది. వైర్లు చూడమన్నారు, చూశాను. ఆపి ముప్ఫై అంకెలు లెక్కపెట్టి ఆన్ చెయ్యమన్నారు, చేశాను. నీలం తెర మీద చివరి వరసలో ఉన్న అక్షరాలు ఒక్కొక్కటే చదవమన్నారు. తప్పు చదివితే విసుక్కోలేదు, ఫర్వాలేదు మేడమ్, మీ ఇష్టమొచ్చినంత సేపు తీసుకోండి అన్నారు. చూడకుండానే ఏ మూల ఏముందో చెబుతున్నారు. ఇలాంటి మనిషి పక్కగదిలో ఉండగా ఇన్నాళ్ళూ ఆ స్క్రూడ్రైవర్ మనిషితో ఎందుకు వేగానో నాకే తెలియలేదు. చివరికి ఏదో మీట మూడుసార్లు నొక్కించి, నీలం తెరకి ముందే ఇంకో పేజీ తెప్పించారు.

"ఇప్పుడు మీకు మూడు గళ్ళు కనిపిస్తున్నాయి కదా మేడమ్. మూడోది నొక్కితే కంప్యూటర్ కొన్న రోజున ఎలా ఉందో అలా అయిపోతుంది. సమస్య పోతుంది. అందులో ఉన్నవి కూడా అన్నీ పోతాయి. మీకు అంగీకారమేనా?"

"అందులో నా టైమ్‌టేబుల్ ఉంది కదండీ."

"తెలుసు మేడమ్" అన్నారు. స్క్రిప్టు ప్రకారం ఆయనకి తెలియకూడదు. ఆ గొంతులో మొదటిసారి చిన్న తడబాటు వినిపించింది.

"ఇంకో దారి లేదా?"

"రెండో గడి ఉంది. దానికైతే, ఈ సమస్య రాకముందు కొత్తగా ఏం వేశారో తెలియాలి మేడమ్. అది తెలియకపోతే నేనేం చెయ్యలేను."

నేను ఆ మాట విని ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను. పొద్దుటినుంచి జరిగినవన్నీ, పడుకోమనడం, కాయితాలు, ఊళ్ళో లేని పక్కింటివాళ్ళు, ఒక్కొక్కటే వాటి గడిలోకి వచ్చి కూర్చున్నాయి. కాళ్ళావేళ్ళా పడే టీచర్లతో ఎనిమిదేళ్ళు వేగినదాన్ని, ఎవరు ఏం దాస్తున్నారో కనిపెట్టడం నాకు చేతకాని పనేం కాదు. తలుపు తోసి వెళ్ళి నిలదియ్యచ్చు. కానీ ఆ గదిలో ఉన్న మొగుడు ఒప్పుకోడు. ఫోన్లో ఉన్నాయన ఒప్పుకోవచ్చు.

"నేనైతే ఏమీ వెయ్యలేదండీ. మా ఇంట్లో ఇంకొకాయన ఉన్నారు. ఆయన కూడా ఏమీ చెయ్యలేదంటున్నారు. మీకు పదకొండేళ్ళ అనుభవం ఉంది కాబట్టి అడుగుతున్నాను. ఆయన్ని నమ్మమంటారా?"

గోడవతల కుర్చీ కిర్రుమంది. గుమ్మంలో అత్తగారు, ఫోన్ కట్టయిందా అని సైగ చేశారు. లేదని చెయ్యి ఊపాను.

"సాధారణంగా నమ్మకూడదు మేడమ్" అన్నారు.

మరి ఆయన ఏం వేసి ఉంటారంటారు అని అడిగాను. ఫోన్లో ఉన్నాయన ఆ ఇంకొకాయన సంగతి, తనకి పెద్దగా పరిచయం లేని మనిషి గురించి చెబుతున్నట్టు, నిదానంగా చెప్పుకొచ్చారు. ఆయన ఆఫీసువాళ్ళు రెండు వారాల కిందట ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చారట. ఇంటి దగ్గర కూర్చుని అందులోకి మాట్లాడాలి. ఆరువందల వాక్యాలు. భార్య స్కూలుకి వెళ్ళాక, తల్లి కునుకు తీస్తున్నప్పుడు, రోజూ కొన్ని చదువుతున్నారట. నిన్న మధ్యాహ్నం దానికే కొత్త వెర్షన్ వచ్చింది, వేశారు, అప్పుడు మొదలైంది ఈ నీలం.

"ఆ వాక్యాలు ఎందుకండీ?"

"వచ్చే నెలనుంచి ఆఫీసులో ఫోన్లు ఆ సాఫ్ట్‌వేరే ఎత్తుతుంది మేడమ్. ఆయన గొంతుతోనే మాట్లాడుతుంది."

"మరి ఆయన?"

"బుధవారానికి ఆరువందలూ పూర్తిచేసినవాళ్ళని ఏడాది చివరిదాకా ఉంచుతారు, అది సరిగ్గా మాట్లాడుతోందో లేదో వినడానికి. మిగతావాళ్ళని వచ్చే నెలలోనే పంపేస్తారు."

"ఇంట్లో ఎందుకు చెప్పలేదు ఆయన?"

ఈసారి ఆలస్యం చెయ్యలేదు. "ఏం చెప్పాలో ఎక్కడా రాసి లేదు మేడమ్" అన్నారు.

నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. రెండు వారాలుగా పక్కనే కూర్చుని భోజనం చేస్తూ కస్టమర్ల అబద్ధాల గురించి చెప్పారు ఈ మనిషి. ఒక్క మాట చెప్పి ఉంటే ఈ ఉదయమంతా ఇలా నీలం తెర ముందు కూర్చునేదాన్ని కాదు. కానీ ఆ కోపం చూపించడానికి నాకు మనిషి దొరకలేదు. ఫోన్లో ఉన్నాయన నాతో ఇంత మర్యాదగా మాట్లాడుతున్నారు, ఆయన్ని తిట్టడానికి నోరు రాలేదు. గోడకవతల ఉన్నాయన మీద జాలేసింది.

"సరే, రెండో గడి నొక్కుతున్నాను" అన్నాను.

దాన్ని సేఫ్ మోడ్ అంటారట. తెర చిన్నదిగా, వెలిసిపోయినట్టు తెరుచుకుంది గానీ, తెరుచుకుంది. ఆన్ చెయ్యగానే తమంతట తామే మొదలయ్యే సాఫ్ట్‌వేర్ల జాబితా ఒకటి ఆయన నాచేత తీయించారు. చివరినుంచి రెండోదాని పక్కనున్న టిక్కు తీసెయ్యమన్నారు. ఆ పేరు చదవబోతే, చదవక్కర్లేదు మేడమ్, అదే అన్నారు. ఆపి ఆన్ చేశాను. ఈసారి నీలం రాలేదు. ఫైలు మీద బాణం పెట్టి నొక్కాను. ఇరవై ఆరు సెక్షన్లూ, నలభై ఒక్కమంది టీచర్లూ, ఎవరి గడిలో వాళ్ళు బుద్ధిగా కూర్చుని ఉన్నారు. నా ఒట్టు గట్టున పెట్టి సొరుగులోంచి పెన్ డ్రైవ్ తీసి కాపీ చేశాను, రెండుసార్లు ప్రింటు తీశాను. అంతసేపూ ఆయన ఫోన్లో ఓపిగ్గా ఉన్నారు.

"ఇక ఆ సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా తీసేద్దాం మేడమ్" అన్నారు. "అది ఉన్నంతకాలం, దాన్ని వాడినప్పుడల్లా పది నిమిషాలకి మీ కంప్యూటర్ ఆగిపోతూనే ఉంటుంది."

"తీసేస్తే ఆయన చదివిన వాక్యాలు?"

"పోతాయి."

"ఎన్ని?"

"నాలుగువందల పన్నెండు."

"వద్దు. ఉండనివ్వండి."

"మీకు మళ్ళీ ఇబ్బంది అవుతుంది మేడమ్. ఇది మీ కంప్యూటర్."

"నా కంప్యూటరే. అందుకే చెబుతున్నాను, ఉండనివ్వండి."

ఆయన తలుపు తీసుకుని బయటికి వచ్చారు. హెడ్‌సెట్ మెడలో వేలాడుతోంది. ముఖం కడుక్కున్నట్టు తడిగా ఉంది, ఆ గదిలో నీళ్ళు లేవు. ఏమైందిరా అని అత్తగారు అడిగితే, ఏదో సెట్టింగులమ్మా, సరిపోయింది అన్నారు. చివరికి రేకు విప్పావు కాబట్టే బాగైంది అని ఆవిడ తీర్మానించారు. ఇద్దరం కాదనలేదు.

సోమవారం పదింటికి నేను టైమ్‌టేబుల్ చదివాను. శుక్రవారం ఆఖరి పీరియడ్ దగ్గర నలుగురు నిట్టూర్చారు, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. కెమిస్ట్రీ మాస్టారు తన కాయితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. కుర్చీ నాకిచ్చారు. వరండాలోకి వచ్చి మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "వచ్చిందా?" అన్నారు. ఆ ఒక్క మాటే. కానీ అది స్క్రిప్టు గొంతూ కాదు, భోజనాల దగ్గర ఉపన్యాసం గొంతూ కాదు. నేను ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు వరండాలోనే నిలబడ్డాను.

ఆ మూడు రోజులూ ఆయన వాక్యాలు చదువుతూనే ఉన్నారు. పది నిమిషాలకోసారి తెర నీలమయ్యేది, ఆపి ఆన్ చేసేవారు, ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మళ్ళీ. ఇక దాచేదేమీ లేదు కాబట్టి నేను పక్కనే మంచం మీద కూర్చుని పిల్లల నోట్సులు దిద్దుకునేదాన్ని. ప్రతి వాక్యాన్నీ ఆ సాఫ్ట్‌వేర్ విని మార్కులు వేస్తుంది. నచ్చితే పచ్చటి టిక్కు, నచ్చకపోతే మళ్ళీ చెప్పమంటుంది. క్షమాపణ వాక్యాలన్నీ ఆయనకి మొదటి దెబ్బకే టిక్కులు పడ్డాయి.

బుధవారం సాయంత్రం ఐదున్నరకి ఒకే ఒక్క వాక్యం మిగిలింది. 'మీ సమస్య తీరినందుకు మాకెంతో సంతోషంగా ఉంది.' ఆయన చదివారు. తెర మీద వచ్చింది: సంతోషం చాలలేదు, మళ్ళీ చెప్పండి. మళ్ళీ చదివారు. చాలలేదు. గొంతు పెంచి చదివారు, నవ్వు తెచ్చుకుని చదివారు, లేచి నిలబడి చదివారు. తొమ్మిదిసార్లు చాలలేదు. ఆరింటికి గడువు. ఆయన హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టి, రెండు చేతులతో ముఖం రుద్దుకున్నారు.

నేను నోట్సులు పక్కన పెట్టి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"దాన్ని చూడకండి, నన్ను చూడండి" అన్నాను. "మొన్న నేను వరండాలోంచి ఫోన్ చేస్తే 'వచ్చిందా' అన్నారే, ఆ గొంతుతో చెప్పండి."

ఆయన నావైపు చూసి, ఆ గొంతుతో చెప్పారు. వెంటనే పచ్చటి టిక్కు పడింది. ఆరువందలూ అయిపోయాయని, ధన్యవాదాలని తెర మీద వచ్చింది. ఆయన హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలారు. వచ్చే నెలనుంచి ఎవరు ఫోన్ చేసినా ఆ గొంతు వాళ్ళకి వినిపిస్తుంది. పద్నాలుగేళ్ళలో నాకు ఒక్కసారి దొరికింది అది, ఇచ్చెయ్యమని చెప్పింది కూడా నేనే.